మూడు షిఫ్టుల అన్నం

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద నెలకో కాగితం అతికించి ఉండేది. నాకు ఏ వారం ఏ షిఫ్టో, సెలవు ఏ రోజో మా అమ్మాయి స్కెచ్ పెన్నులతో గళ్ళు గీసి రాసేది. పొద్దుటి ‘ఏ’ షిఫ్టుకి ఆకుపచ్చ, మధ్యాహ్నం ‘బి’ షిఫ్టుకి నీలం, రాత్రి ‘సి’ షిఫ్టుకి ఎరుపు. ఏడో తరగతి నుంచీ ఆ పని తనదే. స్టీల్ ప్లాంటులో ఇరవై రెండేళ్ళుగా క్రేన్ నడుపుతున్న నాకు రేపు ఏ షిఫ్టో ఒక్కోసారి గుర్తుండదు గానీ, మా అమ్మాయికి నెల మొత్తం నోటికి వచ్చు. నా డ్యూటీ నాకంటే నా కూతురికే బాగా తెలుసని తోటివాళ్ళ దగ్గర గొప్పలు పోయేవాణ్ణి.

ఆ గొప్పలు తల్చుకుంటే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మాది శ్రీకాకుళం వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఉద్యోగం వచ్చాక కూర్మన్నపాలెంలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. నా భార్య గాజువాకలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. ఉదయం ఎనిమిదికి వెళ్తే సాయంత్రం అయిదు దాటాక వస్తుంది. మాకు ఒక్కతే పిల్ల. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నా భార్యకు భక్తి ఎక్కువ, దేవుడి మాట వస్తే మరి ఎవరి మాటా వినదు. మా ఇద్దరి మధ్యా పిల్ల మాత్రం నోట్లో నాలుక లేనట్టు పెరిగింది. చెప్పిన పని చేసేది, చెప్పని పనీ చేసేది. పుస్తకానికి అట్ట వేస్తే ఒక్క మడత వంకరగా వచ్చినా విప్పేసి మళ్ళీ మొదటి నుంచి వేసేది. మంచి లక్షణం కదా అనుకున్నాం.

దువ్వాడలో ఇంటర్‌లో చేరిన కొత్తలో శనివారం ఉపవాసం ఉంటానంది. మంచి మార్కులు రావాలని సింహాద్రి అప్పన్నకు మొక్కుకుందట. ఇంటరు అయ్యేదాకా మాననంది. నా భార్య అప్పటికి ఇరవై ఏళ్ళ నుంచి శనివారాలు ఉంటోంది. కూతురు తన దారిలో వచ్చిందని ఆవిడ మొహం వెలిగిపోయింది. బడిలో టీచర్లందరికీ చెప్పుకుంది. కార్తీకమాసంలో సోమవారాలు మొదలయ్యాయి. కార్తీకం అయిపోయింది, సోమవారాలు అయిపోలేదు. తర్వాత బాబా గురువారం వచ్చింది. వారంలో మూడు రోజులు దేవుళ్ళు పంచుకున్నాక మిగిలిన నాలుగు రోజులూ నీచు ముట్టనంది. చేపల పులుసంటే ప్రాణం పెట్టే పిల్ల. నేను కాస్త గొణిగాను గానీ, ఈ కాలంలో ఇలాంటి పిల్లలు ఎక్కడున్నారని పక్కింటావిడ అనేసరికి నా గొణుగుడు కూడా గర్వంగా మారిపోయింది.

ఇంటి ఉపవాసం మాకు తెలిసిన ఉపవాసమే. పగలంతా మాని రాత్రి ఇంత ఉప్మానో రెండు అరటిపళ్ళో తింటారు. మా అమ్మాయి అరటిపండులో సగం తిని మిగతా సగం రేపటికి అనేది. దాన్ని కూడా మేము నిష్ఠ అనే అనుకున్నాం. తినకపోవడానికి మా ఇళ్ళలో ఉన్నంత మర్యాద ఇంక దేనికీ లేదు. తినని పిల్లని తిట్టే నోళ్ళే దేవుడి పేరు చెప్పగానే మూసుకుపోతాయి.

నెలలు గడిచే కొద్దీ పిల్ల సన్నబడింది. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. మా వీధిలో ఒకావిడ గేటు దగ్గర ఆపి మరీ, "ఏటి సేసినావమ్మా, మా పిల్లకీ సెప్పు," అని అడిగింది. ఇంట్లో వంట కూడా తనే నేర్చుకుంది. ఫోన్లో వీడియోలు చూసి కేకులు చేసేది, బాదుషాలు చేసేది. మా ఇద్దరికీ కొసరి కొసరి వడ్డించి, మేము తింటుంటే ఎదురుగా కూర్చుని రెప్ప వేయకుండా చూసేది. నా పొట్ట పెరిగింది. మా వీధి కుక్క కూడా ఆ యేడాది నిగనిగలాడుతూ తయారైంది. దానికెవరు పెడుతున్నారో అనుకునేవాణ్ణి గానీ, ఆ మెతుకులు మా అమ్మాయి కాలేజీకి పట్టుకెళ్ళే క్యారేజీలోవని నా బుర్రకు తట్టలేదు.

మే నెల ఉక్కపోతలో పిల్ల నిండు చేతుల స్వెట్టరు వేసుకునేది. చేయి పట్టుకుంటే చల్లగా తగిలేది. దువ్వెనలో జుట్టు ఉండలు ఉండలుగా వచ్చేది. నెలసరి ఆగిపోయిందని నా భార్యకు తెలుసు. రక్తం తక్కువై ఉంటుందని టానిక్కు పోసింది, నువ్వుండలు చేసి డబ్బా నింపింది. తర్వాత ఎవరో దిష్టి అన్నారు, దిష్టి తీశాం. ఎవరో థైరాయిడ్ అన్నారు, పరీక్ష చేయించాం, ఏమీ లేదన్నారు. ఏమీ లేదంటే నిజంగా ఏమీ లేదనుకుని హాయిగా డ్యూటీకి పోయాను.

ఒక మధ్యాహ్నం దువ్వాడ స్టేషన్ రోడ్డులో ఆటో ఎక్కబోతూ పడిపోయింది. ఆటో అతనే పిల్ల ఫోన్లోంచి నాకు చేశాడు. మంచివాడు, నేను చేరేసరికి ఆసుపత్రిలో మంచం దగ్గర నిలబడి ఉన్నాడు. గుండె కొట్టుకోవాల్సినంత వేగంగా కొట్టుకోవడం లేదని అక్కడి డాక్టరు చెప్పి, నిన్నటి నుంచి ఏం తిందో చెప్పమన్నాడు. అప్పటికి నా భార్య కూడా బడి నుంచి పరుగెత్తుకుని వచ్చింది. నేను తడుముకోకుండా వాళ్ళమ్మతో తిందని చెప్పాను. అదే సమయానికి నా భార్య వాళ్ళ నాన్నతో తిందని చెప్పింది. ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

"నీతో తింతందనుకున్నాను," అన్నాను.

"నాను మీతో తింతందనుకున్నాను," అంది.

ఆ వరండాలో నిలబడి ఇద్దరం వెనక్కి లెక్కేసుకున్నాం. నేను ‘ఏ’ షిఫ్టులో ఉంటే తెల్లవారకుండా లేవాలి కాబట్టి రాత్రి ఏడున్నరకే తినేసి పడుకుంటాను. అమ్మతో తింటానని పిల్ల నాకు చెప్పేది. ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుకుని తొమ్మిదింటికి పళ్ళెం పెట్టుకునేసరికి నాన్నతో తినేశానని చెప్పేది. బి షిఫ్టు వారం పొద్దున్న నేను ఇంట్లో ఉంటాను. అప్పుడు టిఫిను నాన్నతో తింటానని అమ్మకు, అమ్మ ఉండగానే తిన్నానని నాకు. సి షిఫ్టు వారం నేను పగలంతా పడుకుంటాను కాబట్టి అబద్ధం చెప్పాల్సిన అవసరం కూడా లేదు. వారం వారం మారే షిఫ్టుల్లో ఎవరు ఏ పూట ఎవరితో తింటారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు, ఆ రంగుల గళ్ళు గీసిన పిల్లకు తప్ప. షిఫ్టు డ్యూటీల ఇళ్ళలో అన్నం వండుతారు, మూత పెడతారు, ఎవరి పూటకి వాళ్ళు తింటారు. కంచం చుట్టూ ముగ్గురం కూర్చుని ఎన్నాళ్ళయిందో నాకు గుర్తు రాలేదు.

ఇది మనసుకు సంబంధించిన జబ్బు, మానసిక వైద్యుల దగ్గరకు వెళ్ళాలని ఆసుపత్రిలో చెప్పారు. అక్కడికి వెళ్ళి, నా కూతురికి పిచ్చేమిటని అరిచాను. మమ్మల్ని చూసిన డాక్టరమ్మ పెద్దావిడ. నా అరుపంతా అయిపోయేదాకా ఊరుకుని, కూర్చోమంది. తిండి చుట్టూ వచ్చే జబ్బులు రకరకాలుగా ఉంటాయని చెప్పింది. కొందరు మానేస్తారు. కొందరు ఎవరూ చూడకుండా ఆపుకోలేక తినేసి, తర్వాత సిగ్గుతో కుమిలిపోతారు, కక్కేస్తారు. సన్నగా ఉన్నవాళ్ళకే వస్తుందని లేదు, ఆడపిల్లలకే వస్తుందనీ లేదు. ఇవి సినిమావాళ్ళకీ డబ్బున్నవాళ్ళకీ వచ్చే రోగాలని అంతవరకూ నేననుకున్నాను. నేను తల దించుకుని వింటున్నాను గానీ నాకు కావలసింది ఒక్కటే. ఎవరి వల్ల వచ్చింది? దాన్ని తేల్చమన్నాను.

నా మనసులో ఒక పేరు అప్పటికే ఉంది. నా పేరే. మా ప్లాంటులో కరిగిన ఉక్కును పోత పోసి తీసే పెద్ద దిమ్మని బ్లూమ్ అంటారు. చిన్నప్పుడు బొద్దుగా ఉండే పిల్లని ఎత్తుకుని, ఈ బ్లూమ్‌ని లేపడం నా క్రేన్ వల్ల కాదని అనేవాణ్ణి. పకపకా నవ్వేది. పదో తరగతి సెలవుల్లో నా స్నేహితులు ఇంటికి వచ్చినప్పుడు కూడా అదే జోకు వేశాను. వాళ్ళు నవ్వారు. పిల్ల నవ్వలేదు, మంచినీళ్ళ ట్రే అక్కడ పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నేను గమనించాను. గమనించి మర్చిపోయాను. డాక్టరమ్మకు అదంతా చెప్పాను.

ఆవిడ నన్ను ఓదార్చలేదు. "మీ ప్లాంటులో మంట లేస్తే ముందు ఎంక్వయిరీ వేస్తారా, ఆర్పుతారా?" అని అడిగింది. తర్వాత నెమ్మదిగా విడమరిచి చెప్పింది. ఒక్క మాట వల్ల ఈ జబ్బు రాదు, ఒక్క మనిషి వల్లా రాదు. పుట్టుకతో వచ్చే స్వభావం కొంత, ప్రతిదీ తప్పు లేకుండా చేయాలనే పట్టుదల కొంత, ఆ వయసు, చదువు భయం, చుట్టూ ఉన్నవాళ్ళ మెచ్చుకోళ్ళూ వెక్కిరింతలూ, ఫోన్లో కనిపించే బొమ్మలు, అన్నీ కలుస్తాయి. ఏదో ఒక వంకతో తిండి తగ్గుతుంది. తిండి తగ్గితే మెదడు కూడా పస్తుంటుంది. పస్తున్న మెదడుకి తిండి తప్ప వేరే ఆలోచన రాదు, తింటే ఏమవుతుందోనన్న భయం ఇంకా పెరుగుతుంది. అందుకే ముందు తిండి, తర్వాత మాటలు. జోకులు మాత్రం ఇక మానేయండి అని చివర్లో అంది. మానేశాను.

పిల్లని కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచారు. నేను ఒక్కసారే కడుపు నిండా పెట్టేస్తారనుకున్నాను. అలా పెడితే ప్రాణానికే ముప్పని చెప్పారు. రోజూ రక్తం పరీక్ష చేసి, కొద్దికొద్దిగా పెంచుతూ వచ్చారు. గుండె కుదుటపడ్డాక ఇంటికి పంపుతూ డాక్టరమ్మ మా ఇద్దరికీ పని అప్పజెప్పింది. ఏం తినాలి, ఎంత తినాలి అనేది కొన్నాళ్ళు అమ్మాయి నిర్ణయించదు, మీరు నిర్ణయిస్తారు. మూడు పూటలా భోజనం, మధ్యలో మూడుసార్లు ఏదైనా. ప్రతిసారీ మీలో ఒకరు పక్కన కూర్చోవాలి, అయ్యాక కూడా కాసేపు కూర్చోవాలి. తిండి గురించి వాదించకూడదు, బతిమాలకూడదు, తిట్టకూడదు. కోపం వస్తే జబ్బు మీద పడండి, పిల్ల మీద కాదు. తల్లిదండ్రులిద్దరూ ఒక్క మాట మీద ఉండాలి. వారానికోసారి ముగ్గురూ నా దగ్గరకు రావాలి.

షిఫ్టు మనిషికి ఆరు పూటలు ఇంట్లో కూర్చోవడం ఎలా కుదురుతుంది? ఉన్న సెలవులన్నీ పెట్టేశాను. అవి కరిగిపోతుంటే మా సెక్షన్‌లో నాతో పాటు క్రేన్ ఎక్కే అతను, వరసకేమీ కాకపోయినా బావా బావా అని పిలుచుకుంటాం, ఒకరోజు ఇంటికి వచ్చాడు. మేము ఒకరి షిఫ్టు ఒకరం చేసిపెట్టుకోవడం మామూలే, పెళ్ళిళ్ళకీ పండగలకీ. అతను నలుగురితో మాట్లాడి పై అధికారిని ఒప్పించి వచ్చాడు. నా భార్య బడిలో ఉండే వేళ నేను ఇంట్లో ఉండేలా నాకు సి షిఫ్టులే మిగిల్చి, మిగతావి వాళ్ళు పంచుకున్నారట. పిల్లకు ఏమయిందని అతను అడగలేదు.

"కారణం నాకు సెప్పక్కర్లేదు బావా," అన్నాడు. "గుంట తిన్నదో లేదో ఒక్కటే సెప్పు సాలు."

రాత్రి డ్యూటీ, పగలు కాపలా. అలా ఎన్ని నెలలు చేశానో ఇప్పుడు తల్చుకుంటే నాకే ఆశ్చర్యం.

మొదటి వారం మాత్రం నేను ఘోరంగా ఓడిపోయాను. ఇంటికి వచ్చిన మూడో రోజు రెండు ఇడ్లీలు పెట్టాను. గంట గడిచింది. ఇడ్లీని చిన్న చిన్న ముక్కలు చేసి, ముక్కల్ని చట్నీలో ముంచి, మళ్ళీ పక్కన పెట్టి, అలా కూర్చుంది. రాత్రంతా నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి. అన్నం పరబ్రహ్మ స్వరూపం అని చెప్పే నేను ఆ పళ్ళెం తీసి గోడకేసి కొట్టాను. చట్నీ గోడ మీద నుంచి జారింది. పిల్ల లేచి గుడ్డ తెచ్చి నెమ్మదిగా తుడిచింది. తుడుస్తున్నప్పుడు దాని మొహం చూశాను. భయం లేదు, ఏడుపు లేదు. అమ్మయ్య అన్నట్టుంది. డాక్టరమ్మకు ఆ సంగతి చెప్తే, ఆ పూట తినాల్సిన పని తప్పించింది మీరే కదా, ఎవరు గెలిచారో చూసుకోండి అంది. ఆ తర్వాత కోపం వస్తే చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాణ్ణి. నవ్వొస్తే నవ్వండి, అదే పనిచేసింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. తిండి గురించి మాట్లాడకూడదంటే ఇంకేం మాట్లాడాలో నాకు తెలియలేదు. పదిహేడేళ్ళు పెంచిన కూతురితో మార్కుల గురించి, భోజనం గురించి తప్ప నేనేమీ మాట్లాడలేదని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. చివరికి ప్లాంటు కబుర్లు మొదలుపెట్టాను. క్రేన్ మీద నుంచి చూస్తే కింద మనుషులు ఎలా కనిపిస్తారో, ఎవరి హెల్మెట్‌లో పిచ్చుక గూడు పెట్టిందో. సగం కల్పించి చెప్పేవాణ్ణి. అది కల్పితమని దానికి తెలుసు. అయినా ఒక్కోసారి ముద్ద నోట్లోకి పోయేది.

నా భార్య యుద్ధం వేరు. ఇంట్లో ఎవరూ ఉపవాసాలు ఉండకూడదని డాక్టరమ్మ చెప్పింది. మొక్కుకున్న శనివారాలు మధ్యలో మానేస్తే పిల్లకే కీడు జరుగుతుందని ఆవిడ భయం. అసలే పిల్ల ఇలా ఉంది, ఇప్పుడు దేవుడితో తగువు. గోరుచుట్టు మీద రోకటి పోటు. పిల్ల మొక్కు నేను మోస్తాను, నాకు రెండింతలు ఉపవాసం పెట్టండి అని డాక్టరునే అడిగింది. కుదరదంది. మూడు వారాలు శనివారం వచ్చేసరికి ఈవిడ ఏదో ఒక పని పెట్టుకుని భోజనాల వేళకి తప్పించుకునేది. పిల్ల అది కనిపెట్టి ఆ రోజు అస్సలు లొంగేది కాదు. అమ్మకి ఉన్న దేవుడు నాకు లేడా అని అడిగేది.

నాలుగో శనివారం ఆవిడ తెల్లవారగానే బస్సెక్కి సింహాచలం వెళ్ళింది. పసుపు గుడ్డలో రూపాయి కట్టి ముడుపు చెల్లించుకుని, పదకొండింటికి తిరిగి వచ్చింది. స్వామితో ఏం చెప్పావని అడిగాను. పిల్ల తిండే నా మొక్కు, తప్పయితే నా మీదే వెయ్యమన్నానని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది. పన్నెండున్నరకు మూడు కంచాలు పెట్టింది. అన్నం, ముద్దపప్పు, వంకాయ కూర. తన కంచంలో కూడా వడ్డించుకుంది. పెళ్ళయిన కొత్తలో తప్ప శనివారం పగలు ఆవిడ అన్నం తినగా నేను చూడలేదు. ముద్ద కలిపింది.

పిల్ల చేయి అడ్డం పెట్టింది. "వొద్దమ్మా. శనోరం కదా. నా గురించి తినకు."

"నువ్వు పుట్టాలని మానేసినాను," అంది నా భార్య. "ఇప్పుడు నువ్వు బతకాలని తింతన్నాను."

ముద్ద నోట్లో పెట్టుకుంది. మింగడానికి ఎంత కష్టపడిందో నాకు తెలుసు. కళ్ళ నీళ్ళు కంచంలో పడుతున్నాయి, తుడుచుకోలేదు. పిల్ల ఆవిణ్ణే చూసింది. తర్వాత తన కంచం దగ్గరకు లాక్కుంది. ఆ రోజు అంతా తినలేదు గానీ, ఎవరూ చెప్పకుండా మొదలుపెట్టింది. అదే మొదటిసారి.

అక్కడి నుంచి దారి తిన్నగా సాగిందని చెప్తే అబద్ధం. రెండు వారాలు బాగుంటే మూడో వారం వెనక్కి పోయేది. ఒళ్ళు కాస్త తేరుకునే కొద్దీ పిల్ల ఏడుపు ఎక్కువైంది, తగ్గలేదు. అద్దాల మీద దుప్పట్లు కప్పాం. ఒకసారి బంధువుల పెళ్ళిలో ఒకావిడ బుగ్గ గిల్లి, ఇప్పుడు ఒళ్ళు చేశావు, బాగున్నావు అంది. ఆవిడ మంచి మనసుతోనే అంది. మాకు మాత్రం ఆ మాట నుంచి తేరుకోవడానికి పది రోజులు పట్టింది. అప్పటి నుంచి మా అమ్మాయి ఒంటి గురించి ఎవరు నోరు తెరవబోయినా, ముందు మీ పొట్ట సంగతి చెప్పండి అని నేను అడ్డు తగిలేవాణ్ణి. చుట్టాల్లో నాకు తలతిక్క మనిషని పేరొచ్చింది. రానీ.

భయపడే పదార్థాలు ఒక్కొక్కటే మళ్ళీ కంచంలోకి రావాలని డాక్టరమ్మ చెప్పింది. చేప వంతు వచ్చినప్పుడు నేనూ పిల్లా తెల్లవారుజామునే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాం. ఐసు, బురద, వేలంపాట అరుపులు. పిల్ల ముక్కు మూసుకుని నవ్వింది. వంజరం తెచ్చి వాళ్ళమ్మ పులుసు పెట్టింది. ఒక్క ముక్క తినడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాల్లోనే నేను అడగలేకపోతున్నది అడిగాను. డాక్టరు చెప్పిన వరస ప్రకారం అడగకూడదు కూడా. ఆ బ్లూమ్ మాట వల్లేనా అమ్మా అన్నాను.

ముల్లు తీసి కంచం అంచున పెట్టింది. "అదొక్కటే కాదు నానా," అంది. "అదీ ఉంది."

కాదని చెప్తుందని ఆశపడ్డాను. చెప్పలేదు. బాధేసింది. ఆ బాధ నాకు దక్కాల్సిందే. తర్వాత తనే చెప్పింది, మొదటి శనివారం నిజంగా దేవుడి కోసమేనని. రెండు మూడు వారాలకు దేవుణ్ణి మర్చిపోయిందట. తినకపోతే గెలిచినట్టుండేదట, తింటే ఓడిపోయినట్టు. ఎవరి మీద గెలుపో మాత్రం తనకీ తెలియదంది.

ఒక చదువు సంవత్సరం పోయింది. పోతే పోయింది. నెలసరి తిరిగి వచ్చిన రోజు నా భార్య వంటింట్లో గోడకి ఆనుకుని ఏడ్చింది. డాక్టరమ్మ మెల్లమెల్లగా పగ్గాలు పిల్ల చేతికి ఇవ్వమంది. ముందు సాయంత్రం టిఫిను ఒక్కటే తనే పెట్టుకుని తినాలి. ఆ తర్వాత సెలవు రోజుల్లో మధ్యాహ్నం భోజనం. నేను మళ్ళీ మామూలు షిఫ్టుల్లోకి వెళ్ళే రోజు వచ్చింది. మంట పక్కన ఇరవై రెండేళ్ళు పనిచేసిన వాణ్ణి, పిల్లని కంచం ముందు ఒంటరిగా వదలడానికి అంత భయపడతానని అనుకోలేదు. వదలకపోతే ఎప్పటికీ రోగిగానే ఉండిపోతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. తను తిన్నానంటే నమ్మాలి, తనిఖీ చేయకూడదు.

ఆ వారం ‘ఏ’ షిఫ్టు. పిల్లకు సెలవులు, నా భార్య బడిలో ఉంది. సోమవారం ఇంటికి వచ్చేసరికి కడిగిన కంచం ఉంది. తిన్నానంది. మంగళవారం కూడా తిన్నానంది. నేను పెరట్లోకి వెళ్ళి చెత్తబుట్ట మూత మీద చేయి వేసి, మళ్ళీ తీసేశాను. ఆ మూత ఎత్తకుండా ఉండడం నేను నా జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

బుధవారం మూడు కావస్తుండగా తలుపు తీశాను. పిల్ల బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు కంచం. అన్నం, టమాటా పప్పు, ఉడకబెట్టిన గుడ్డు. ఏదీ కదపలేదు. పప్పు ఎండి అంచులు కట్టింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. పాత కోపం అరికాలి నుంచి లేచింది.

"తిన్లేదు నానా," అంది. "పన్నెండున్నరకే ఒడ్డించుకున్నాను. కుక్కకి పెట్టేసి తిన్నానని సెప్పెద్దామని కంచం అట్టుకుని లేసినాను. గేటు దాకా ఎల్లినాను. మళ్ళీ వొచ్చి కూకున్నాను."

అంటే రెండున్నర గంటలు. ఆ కుర్చీలో ఒక్కతే కూర్చుని, నాతో చెప్పడానికి నా కోసం చూస్తోంది. బ్యాగు కింద పెట్టి, చేతులు కడుక్కుని, నా కంచం తెచ్చుకుని దాని పక్కన కూర్చున్నాను. చల్లారిన అన్నమే వడ్డించుకున్నాను. కోపం రాలేదా అని అడిగింది. వచ్చిందని చెప్పాను. దాని మీద కాదని కూడా చెప్పాను. కాసేపటికి గుడ్డు చిదిమి అన్నంలో కలిపింది.

ఎడం చేత్తో కళ్ళు తుడుచుకుని నేనూ ముద్ద కలిపాను. కన్నకూతురు అన్నం తినలేదని నోరు తెరిచి చెప్తే ఆనందంతో ఏడ్చిన తండ్రి ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే అయ్యుంటాను.